నాలుగో బట్టీ

1881లో అమెరికాలోని అలబామా రాష్ట్ర శాసనసభ టస్కీగీ ఊళ్లో నల్లజాతి టీచర్లను తయారుచేసే బడికి ఏడాదికి 2,000 డాలర్లు మంజూరు చేసింది. ఆ డబ్బు జీతాలకే. స్థలానికి, గోడలకి, బల్లలకి పైసా లేదు. ప్రిన్సిపాల్‌గా వచ్చిన బుకర్ టి. వాషింగ్టన్‌కి అక్కడ బడి అనే కట్టడమే కనపడలేదు. జులై 4న చర్చి దగ్గరున్న ఓ పాత పాకలో 30 మందితో పాఠాలు మొదలయ్యాయి. ఊరికి మైలు దూరంలో పాడుబడిన ప్లాంటేషన్ ఒకటి 500 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. వంద ఎకరాలు. సగం సొమ్ము ముందే కట్టాలి. వాషింగ్టన్ చదివిన హ్యాంప్టన్ కాలేజీ కోశాధికారి కాలేజీ డబ్బు ఇచ్చే అధికారం తనకి లేదంటూనే తన సొంత సొమ్ము 250 డాలర్లు చేబదులిచ్చాడు.

తర్వాత ఇటుకల వంతు. ఊళ్లో ఇటుకలు చేసేవాళ్లే లేరు. విద్యార్థులు మోకాళ్ల లోతు బురదలో దిగి సుమారు 25,000 ఇటుకలు పోసి మొదటి బట్టీ పేర్చారు. అది పాడైంది. రెండోదీ అంతే. మూడోది వారం రోజులు కాలాలి. ఆ వారం ముగుస్తుందనగా ఒక అర్ధరాత్రి బట్టీ కూలిపోయింది. బట్టీ పని తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. పచ్చి ఇటుక లోపలి తడి ఆరకముందే మంట పెంచితే ఆవిరికి ఇటుక పగులుతుంది. మంట తగ్గితే పైవరుసలు పచ్చిగానే మిగిలిపోతాయి. పేర్పు ఒకవైపు సడలితే మొత్తం కూలుతుంది. ఇది చదివితే వచ్చే పని కాదు, కొన్ని బట్టీలు పోగొట్టుకుంటేనే చేతికొస్తుంది. అప్పటికి డబ్బంతా అయిపోయింది. వాషింగ్టన్ మాంట్‌గోమరీ వెళ్లి తన గడియారం తాకట్టు పెట్టి 15 డాలర్లు తెచ్చాడు. నాలుగో బట్టీ కాలింది. ఆ గడియారం మాత్రం మళ్లీ అతని చేతికి రాలేదు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్కడి విద్యార్థులు ఒక్క సీజన్‌లో 12 లక్షల ఇటుకలు తీశారు. ఆ బడి గడప తొక్కని తెల్లవాళ్లు కూడా ఇటుకల కోసం వచ్చారు.

అమెరికా నల్లజాతి కాలేజీల గురించి రాసేవాళ్లు సాధారణంగా పెద్దవాళ్ల పేర్లతో మొదలుపెడతారు: మార్టిన్ లూథర్ కింగ్, అమెరికా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్, కమలా హారిస్. అవన్నీ నిజమే. కానీ ఈ కాలేజీల కథని జమాఖర్చుల పద్దు పట్టుకుని చదివితేనే అసలు సంగతి బోధపడుతుందని నా నమ్మకం. డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరు ఆపారు, ఏ చట్టంలోని ఏ వాక్యం పట్టుకుని ఆపారు అన్నవి ఆ పద్దులోనే ఉన్నాయి.

ముందు నిర్వచనం చెప్పుకుందాం. 1965 ఉన్నత విద్యా చట్టం ప్రకారం 1964కి ముందు స్థాపించినదీ, నల్లజాతి అమెరికన్ల చదువే ప్రధాన లక్ష్యంగా నడిచినదీ, అక్రిడిటేషన్ (ప్రమాణాల గుర్తింపు) ఉన్నదీ అయితేనే అది హెచ్‌బీసీయూ, అంటే హిస్టారికల్లీ బ్లాక్ కాలేజ్ ఆర్ యూనివర్సిటీ. అంటే ఇవాళ ఎంత గొప్ప కాలేజీ కొత్తగా పెట్టినా ఈ జాబితాలోకి రాదు. ఉన్నవి తగ్గడమే గాని పెరిగేదేమీ లేదు. ప్రస్తుతం సుమారు వంద ఉన్నాయి, అందులో సగం ప్రభుత్వానివి, సగం ప్రైవేటువి. ఎవరైనా చేరవచ్చు. 2022లో అక్కడ చదువుతున్నవాళ్లలో 24 శాతం నల్లజాతివాళ్లు కారు.

దక్షిణాదిలో బానిసలకి అక్షరం నేర్పడమే నేరమైన రోజుల్లో మొదటి మూడూ ఉత్తరాదిలో పుట్టాయి. క్వేకర్ మతస్థుడు రిచర్డ్ హంఫ్రీస్ వీలునామాలో రాసిన 10,000 డాలర్లతో 1837లో పెన్సిల్వేనియాలో మొదలైన బడి ఇప్పటి చేనీ యూనివర్సిటీ. అదే రాష్ట్రంలో లింకన్ 1854లో, ఒహాయోలో విల్బర్‌ఫోర్స్ 1856లో వచ్చాయి. పెన్సిల్వేనియా లింకన్‌లోనే తర్వాత ఘనా నాయకుడు క్వామే ఎన్‌క్రుమా, నైజీరియా నాయకుడు అజికివే చదువుకున్నారు. ఆఫ్రికా స్వాతంత్ర్య చరిత్రలో ఒక పేజీ ఆ చిన్న కాలేజీది.

లింకన్ పేరుతోనే మిజోరీలో ఇంకొకటి ఉంది. దాని పుట్టుక నాకు అన్నిటికంటే ఇష్టం. అంతర్యుద్ధంలో పోరాడిన 62వ నల్లజాతి పదాతిదళం సైనికులు రాత్రిళ్లు శిబిరాల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్నారు. దళం రద్దయ్యే వేళ ఆ చదువు ఆగిపోకూడదని తమ జీతాల్లోంచి సుమారు 5,000 డాలర్లు పోగుచేశారు. 65వ దళం ఇంకో 1,400 దాకా ఇచ్చింది. సిపాయి జీతం నెలకి పదమూడు డాలర్లున్న కాలమది. 1866లో బడి తెరిచారు.

అదే ఏడాది నాష్‌విల్‌లో ఫిస్క్ పాత సైనిక ఆసుపత్రి షెడ్లలో మొదలైంది. అయిదేళ్లకే మూసేసే పరిస్థితి వచ్చింది. కోశాధికారి జార్జ్ వైట్ 1871 అక్టోబర్ 6న తొమ్మిది మంది విద్యార్థి గాయకులను వెంటబెట్టుకుని ఊరూరా కచేరీలకు బయలుదేరాడు. మొదట్లో వాళ్లు పాడినవి ఐరోపా పాటలు, అప్పటి జనాదరణ గీతాలు. జనం పెద్దగా స్పందించలేదు. బానిసత్వంలో తల్లిదండ్రులు చాటుగా పాడుకున్న భక్తిగీతాలను వేదికెక్కించడానికి ఆ పిల్లలు మొదట ఒప్పుకోలేదు. అవి ఇంటి గుట్టులాంటివి. ఒప్పుకున్నాక సభలు నిండాయి. 1873లో విక్టోరియా రాణి ముందు పాడారు. వాళ్లు తెచ్చిన డబ్బుతో లేచిన జూబిలీ హాల్‌ను 1876 జనవరి 1న ప్రారంభించారు. ఇప్పటికీ నిలిచి ఉంది. నల్లజాతి స్పిరిచువల్స్ ప్రపంచానికి తెలిసింది ఈ ఫీజుల కొరత వల్లే.

టస్కీగీ వాషింగ్టన్‌కీ, నల్లజాతి మేధావి డుబోయిస్‌కీ మధ్య వాదన గురించి పుస్తకాల నిండా ఉంది: వాషింగ్టన్ చేతిపని ముందన్నారు, డుబోయిస్ ఉన్నత విద్య ముందన్నారు. దానికి ఇచ్చే ప్రాధాన్యం కాస్త ఎక్కువనిపిస్తుంది నాకు. టస్కీగీలో పాఠాలు చెప్పినవాళ్లలో ఎంతోమంది ఫిస్క్, అట్లాంటా లాంటి కాలేజీల్లో చదివినవాళ్లే. వాషింగ్టన్ భార్య మార్గరెట్ మరే కూడా ఫిస్క్‌లోనే చదివింది, డుబోయిస్ పట్టా తీసుకున్న మరుసటి ఏడాదే. ఒక కాలేజీ లేకుండా ఇంకోటి నడిచేది కాదు.

ఇక అసలు చిక్కుముడి. 1862 మోరిల్ చట్టం ప్రతి రాష్ట్రానికీ వ్యవసాయ, ఇంజనీరింగ్ కాలేజీల కోసం ప్రభుత్వ భూమి ఇచ్చింది. దక్షిణాది రాష్ట్రాలు వాటిలోకి నల్లవాళ్లను రానివ్వలేదు. 1890లో రెండో మోరిల్ చట్టం ఏటా నగదు కూడా ఇస్తానంది. 15,000 డాలర్లతో మొదలై, ఏడాదికి వెయ్యి చొప్పున పెరిగి 25,000 దగ్గర ఆగుతుంది. షరతు ఏమిటంటే, చేర్చుకోవడంలో జాతి చూడకూడదు, లేదా నల్లవాళ్లకి వేరే కాలేజీ పెట్టి డబ్బుని న్యాయంగా పంచాలి. ‘న్యాయంగా’ అంటే ఎంత? చట్టం చెప్పలేదు. అది రాష్ట్ర శాసనసభ చేతికే వదిలేసింది. వేరే కాలేజీలైతే వచ్చాయి, ఇవాళ అలాంటివి 19. వాటికి దక్కే వాటా మాత్రం శాసనసభ్యుల దయ మీద ఆధారపడింది.

నష్టం అక్కడితో ఆగలేదు. పరిశోధన కేంద్రాలకి 1887 హ్యాచ్ చట్టం, పల్లెల్లో రైతులకి సలహాలిచ్చే విస్తరణ సేవకి 1914 స్మిత్-లీవర్ చట్టం వచ్చాయి. రెండింట్లోనూ డబ్బు ఏ కాలేజీకో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. రాష్ట్రం తెల్లవాళ్ల కాలేజీకే ఇచ్చింది. 1890 చట్టం కింద వచ్చిన నల్లజాతి కాలేజీలకి వ్యవసాయ పరిశోధన కోసం క్రమంగా ఏటా డబ్బు వచ్చే చట్టం 1977లో గాని రాలేదు. తొంభై ఏళ్ల ఆలస్యం. ల్యాబు లేకపోతే పరిశోధన పత్రాలుండవు, పత్రాల్లేకపోతే పోటీ గ్రాంట్లు రావు, గ్రాంట్లు రాకపోతే ల్యాబు కట్టలేరు.

ఇప్పటికీ నడుస్తున్న తిరకాసు మ్యాచింగ్ గ్రాంటు. ఫెడరల్ ప్రభుత్వం ఒక డాలరు ఇస్తే రాష్ట్రం ఇంకో డాలరు జోడించాలి. 1862 కాలేజీలకి రాష్ట్రాలు ఒకటికి ఒకటే కాదు, కొన్నిచోట్ల అంతకు మించి ఇస్తాయి. 1890 కాలేజీల విషయంలో, రాష్ట్రం తన వాటా ఇవ్వకపోతే కాలేజీయే మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. సగం వాటా అయినా చూపిస్తే మిగతాది మాఫీ చేయించుకుని ఫెడరల్ డబ్బు తెచ్చుకోవచ్చు. ఇది కాలేజీకి మేలుగా కనిపిస్తుంది. నిజానికి రాష్ట్రానికి తప్పుకునే దారి ఇదే. ఎగ్గొట్టింది రాష్ట్రం, తమ రాష్ట్రం ఇవ్వలేదని దరఖాస్తులో రాసుకునేది కాలేజీ. 2023 సెప్టెంబరులో ఫెడరల్ విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి లేఖలు రాశారు. 1987 నుంచి 2020 వరకు తలసరి లెక్కలో ఈ కాలేజీలకి తక్కువ పడింది మొత్తం 12 బిలియన్ డాలర్ల పైమాటే అని తేల్చారు. ఒక్క టెనెసీ స్టేట్‌కే 2.1 బిలియన్లు.

డబ్బు రాకపోయినా పని ఆగలేదన్నదానికి సాక్ష్యం జార్జ్ వాషింగ్టన్ కార్వర్. 1896లో టస్కీగీ చేరాడు. పత్తి తర్వాత పత్తి వేసి నైట్రోజన్ అడుగంటిన నేలల్లో అలసందలు, వేరుశనగ, చిలగడదుంప వేయమన్నాడు. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ను నేలకి చేరుస్తుంది. రైతు బడికి రాలేడు కాబట్టి బడే రైతు దగ్గరికి వెళ్లాలని 1906లో జెసప్ బండి కట్టారు. నాగలి, విత్తనాలు, ఎరువు, వెన్న చిలికే కవ్వం వేసుకుని గుర్రబ్బండి పల్లెల్లో తిరిగేది. అనంతపురం వేరుశనగ రైతుకి ఇందులో సగం తెలిసిందే, మిగతా సగం చేదు అనుభవమే. కార్వర్ చెప్పింది పంట మార్పిడి. అదే చేలో ఏటా వేరుశనగే వేస్తే తిక్కాకు తెగులు నిలిచిపోతుంది. మొక్కని వేరుతో సహా పీకి కట్టె మొత్తం పశువులకి వేస్తే నైట్రోజన్ కూడా చాలావరకు దాంతోనే పోతుంది.

వైద్య విద్యలో దెబ్బ ఒకే ఒక నివేదికతో పడింది. 1910లో అబ్రహం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడా మెడికల్ కాలేజీలన్నీ తిరిగి చూసి ల్యాబులు, బోధనాసుపత్రి, పూర్తికాలపు అధ్యాపకులు లేనివి మూసేయమన్నాడు. ప్రమాణాలు సరైనవే. కానీ అప్పుడున్న ఏడు నల్లజాతి మెడికల్ కాలేజీల్లో నిలబెట్టదగ్గవి హోవార్డ్, మెహారీ రెండేనన్నాడు. మిగతా అయిదింటికి ఆ ప్రమాణాలు అందుకునే డబ్బు ఇస్తామని ఎవరూ ముందుకు రాలేదు. 1920ల తొలినాళ్లకి ఆ అయిదూ లేవు. తర్వాత దశాబ్దాల పాటు అమెరికాలో నల్లజాతి డాక్టర్లలో అత్యధికులు ఈ రెండు కాలేజీల నుంచే వచ్చారు.

నన్ను అడిగితే ఈ కాలేజీల ప్రభావమంతా ఒక్కచోట చూపించమంటే హోవార్డ్ లా స్కూల్‌ను చూపిస్తాను. 1929లో చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ దాని బాధ్యత తీసుకునేనాటికి అది రాత్రిపూట నడిచే పార్ట్‌టైమ్ స్కూలు. సాయంత్రం వచ్చేవాళ్లంతా పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. వాళ్లకి కష్టమని తెలిసీ హ్యూస్టన్ రాత్రి స్కూల్ తీసేశాడు, పగటి స్కూల్‌గా మార్చాడు, 1931 కల్లా అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు తెచ్చాడు. విమర్శలు వచ్చాయి, వాటిలో న్యాయమూ ఉంది. కానీ ఆ గుర్తింపు లేకపోతే తర్వాత కథ లేదు. లాయరు సోషల్ ఇంజనీర్ కావాలన్నది అతని పాఠం. 1933 బ్యాచ్‌లో మొదటి ర్యాంకు థర్‌గుడ్ మార్షల్‌ది.

హ్యూస్టన్, మార్షల్‌ల వ్యూహం వరుస చూడండి. నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ ఏర్పాట్లు ‘వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు’ అని 1896లో సుప్రీంకోర్టు అన్నది. దాన్ని నేరుగా కొట్టేయమని అడిగితే ఓడిపోతారు. అందుకని ‘సరే, సమానంగా ఇవ్వండి’ అన్నారు. అది కూడా చిన్నపిల్లల బడులతో మొదలుపెట్టలేదు, లా కాలేజీలతో మొదలుపెట్టారు. కారణాలు మూడు. నల్లవాళ్లకి లా కాలేజీ దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు లేనేలేదు, కాబట్టి ‘సమానం’ అని వాదించే వీలే లేదు. విద్యార్థులు ఒకరిద్దరే, కాబట్టి ఊరు భగ్గుమనదు. లా కాలేజీ అంటే ఏమిటో జడ్జీలకి ఎవరూ వివరించక్కర్లేదు. 1936లో మేరీలాండ్ కేసు గెలిచారు. 1938లో మిజోరీ లింకన్ పట్టభద్రుడు లాయిడ్ గెయిన్స్ కేసులో, వేరే రాష్ట్రంలో చదువుకో, ఫీజు మేం కడతాం అంటే కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. మిజోరీ వెంటనే సెయింట్ లూయిస్‌లో, అప్పటిదాకా సౌందర్య సాధనాల సంస్థ నడిచిన ఓ భవనంలో, లింకన్ లా స్కూల్ తెరిచేసింది. టెక్సాస్‌లో హెమన్ స్వెట్ కేసు వేశాక ఆ రాష్ట్రం 1947లో నల్లవాళ్లకి ఏకంగా యూనివర్సిటీయే పెట్టింది, ఇప్పటి టెక్సాస్ సదర్న్. 1950లో సుప్రీంకోర్టు ఇటుకలు, పుస్తకాల లెక్క దాటి ఆలోచించింది: స్కూల్‌కి ఉన్న పేరు, పూర్వ విద్యార్థుల పరిచయాలు, సహాధ్యాయులతో చర్చ, వీటికి సమానం ఎక్కడ తెస్తారని అడిగింది. ఆ తర్కం ఒప్పుకున్నాక చిన్నపిల్లల బడి దాకా అడుగు దూరమే. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పు అదే. స్వెట్‌ను బయట ఉంచడానికి కట్టిన ఆ టెక్సాస్ లా స్కూలు ఇవాళ మార్షల్ పేరుతో నడుస్తోంది.

మన దేశంతో నిజమైన బంధం ఒకటి ఇక్కడుంది. 1936 ఫిబ్రవరిలో హోవార్డ్ యూనివర్సిటీ చాపెల్ డీన్ హోవార్డ్ థర్మన్, భార్య స్యూ బెయిలీ థర్మన్‌తో కలిసి బార్డోలీలో గాంధీని కలిశాడు. అహింస సందేశం కల్తీలేకుండా ప్రపంచానికి అందేది బహుశా నీగ్రోల ద్వారానేమో అన్నారు గాంధీ. ఆ ఏడాది చివర్లో వార్ధాకి వచ్చిన బెంజమిన్ మేస్ తర్వాత మోర్‌హౌస్ కాలేజీ అధ్యక్షుడయ్యాడు. 1944లో పదిహేనేళ్ల కింగ్ చేరింది అక్కడే. హోవార్డ్ అధ్యక్షుడు మార్డికై జాన్సన్ భారత్ పర్యటించి వచ్చి 1950లో ఫిలడెల్ఫియాలో గాంధీ గురించి చేసిన ప్రసంగం విన్నాకే కింగ్ గాంధీ పుస్తకాలు కొని చదవడం మొదలుపెట్టాడు. గాంధీ కింగ్‌కి పుస్తకాల్లో హఠాత్తుగా దొరికాడని మనవాళ్లు రాస్తుంటారు. మధ్యలో ఉన్న ఈ ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు మనకి తెలియాలి.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నల్లజాతి కాలేజీ నార్త్ కరోలినా ఏ అండ్ టీ మొదటి సంవత్సరం విద్యార్థులు నలుగురు, తెల్లవాళ్లకే వడ్డించే ఊల్‌వర్త్ దుకాణం కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఆ ఊళ్లోనే ఉన్న బెన్నెట్ మహిళా కాలేజీ అమ్మాయిలు త్వరలోనే వచ్చి కలిశారు. ఏప్రిల్‌లో షా యూనివర్సిటీలో, అక్కడే చదివిన ఎల్లా బేకర్ పిలుపుతో పౌరహక్కుల విద్యార్థి సంఘం ఎస్‌ఎన్‌సీసీ పుట్టింది. దీనికి మూల్యమూ చెల్లించారు. 1968లో సౌత్ కరోలినా స్టేట్‌లో పోలీసు కాల్పులకి ముగ్గురు, 1970లో జాక్సన్ స్టేట్‌లో ఇద్దరు చనిపోయారు.

బ్రౌన్ తీర్పు తర్వాత వేర్పాటు పోయింది, పోటీ మాత్రం సమానం కాలేదు. అదే మేరీలాండ్‌లో ఈమధ్య నడిచిన ఇంకో కేసు చూస్తే కిటుకు తెలుస్తుంది. బ్లాక్ కాలేజీకి అన్ని జాతుల విద్యార్థులనూ ఆకర్షించేది ప్రత్యేకమైన కోర్సు. బ్లాక్ కాలేజీ అయిన మోర్గన్ స్టేట్‌లో ఎంబీఏ ఉండగా, అదే బాల్టిమోర్ ప్రాంతంలో వేరే రెండు యూనివర్సిటీలు కలిసి ఎంబీఏ పెట్టుకోవడానికి 2005లో రాష్ట్రం అనుమతించింది. కొత్త భవనం, ఎక్కువ డబ్బు ఉన్న చోటుకే జనం పోతారు. అలా ఒక్కో కోర్సూ నకలైపోతే బ్లాక్ కాలేజీకి ప్రత్యేకత మిగలదు. 2006లో మొదలైన దావా 2021లో పదేళ్లలో 577 మిలియన్ డాలర్లు ఇచ్చే చట్టంతో ముగిసింది.

ప్రైవేటు కాలేజీల్ని ముంచేది వేరు. వాటికి ఆస్తినిధి (పెట్టుబడిగా ఉంచి రాబడితో ఏటా ఖర్చులు గడిపే మూలధనం) తక్కువ, ఆదాయమంతా ఫీజులే, ఆ ఫీజులు కట్టేది ఎక్కువగా ఫెడరల్ గ్రాంట్లు, అప్పులతో. 2011లో విద్యాశాఖ తల్లిదండ్రులకిచ్చే ప్లస్ లోన్ల క్రెడిట్ నిబంధనలు బిగించగానే, మరుసటి ఏడాది ఈ కాలేజీల్లో సీట్లు ఖాళీ అయ్యాయి. ఫీజు పోతే బడ్జెట్ లోటు, లోటు కొనసాగితే అక్రిడిటేషన్ సంస్థ నుంచి హెచ్చరిక, ఆ తర్వాత ప్రొబేషన్, చివరికి తొలగింపు. తొలగించిన రోజే ఫెడరల్ సాయం ఆగుతుంది, దాంతో మిగిలిన విద్యార్థులూ వెళ్లిపోతారు. అట్లాంటాలో మోరిస్ బ్రౌన్ కాలేజీకి 2002లో ఇదే జరిగింది. ఫెడరల్ నిధుల దుర్వినియోగం, పెద్ద అప్పు కారణాలు. రెండున్నర వేల మంది విద్యార్థులు కొన్ని పదులకి పడిపోయారు. మళ్లీ గుర్తింపు వచ్చింది 2022లో, అదీ వేరే సంస్థ నుంచి.

బెన్నెట్ కాలేజీ అనుభవం ఇంకా చేదు. 2018 డిసెంబరులో ఆర్థిక స్థిరత్వం లేదని గుర్తింపు తొలగిస్తే, అప్పీలు నాటికి 5 మిలియన్ డాలర్లు సేకరించాలని పూనుకుంది. 8 మిలియన్లకు పైగా వచ్చాయి. అయినా అప్పీలు ఓడింది. ఒక్కసారి వచ్చిన విరాళం ఏటా వచ్చే ఆదాయం కాదన్నది లెక్కలవాళ్ల వాదన. సూత్రంగా సరే, కానీ ఏటా వచ్చే ఆదాయానికి కావాల్సిన ఆస్తినిధి కూడబెట్టే అవకాశం వందేళ్లపాటు ఈ కాలేజీలకి ఎవరిచ్చారు? అందుకే 2020లో దాత మెకెంజీ స్కాట్ ఏ షరతూ లేకుండా హోవార్డ్‌కి 40 మిలియన్లు, ప్రెయిరీ వ్యూకి 50 మిలియన్లు ఇవ్వడం మామూలు దానం కంటే విలువైనది. షరతుల్లేని డబ్బునైతే కాలేజీ తన ఇష్టప్రకారం ఆస్తినిధిలోనూ వేసుకోవచ్చు.

మన పిల్లలు ఎంఎస్‌కి కాలేజీలు వెతికేటప్పుడు ఈ జాబితా మీద చూపు పడటం అరుదు. నల్లజాతి ఇంజనీర్లను దేశంలో అందరికంటే ఎక్కువమందిని తయారుచేసేది నార్త్ కరోలినా ఏ అండ్ టీ. హోవార్డ్ 2025లో అత్యున్నత పరిశోధన శ్రేణి ఆర్1లోకి చేరింది. చూడాల్సినవి ఏ కాలేజీకైనా ఒకటే: గుర్తింపు ఇచ్చింది ఏ సంస్థ, ఇప్పుడు హెచ్చరిక గాని ప్రొబేషన్ గాని ఉందా, కోర్సుకి విడిగా గుర్తింపు ఉందా. ఇవి ఆయా అక్రిడిటేషన్ సంస్థల వెబ్‌సైట్లలో కాలేజీ పేరు కొడితే వస్తాయి. లింకన్ అని కొట్టేటప్పుడు పక్కన రాష్ట్రం పేరు కూడా కొట్టండి.